అడుగకుండ పూర్తియగు చిరునామా

కిరాణా దుకాణమునకు పోయి “కంది” అని మనము నోరు తెరువగానే దుకాణదారు కందిపప్పు పొట్లము కట్టి చేతిలో పెట్టినాడనుకొనుడు. నిన్నటివరకు మనము కొన్నది కందిపప్పే. అతడు మన అలవాటు ఎరిగినవాడు. కాని నేడు మనకు కావలసినది కందిపొడి. మనము మాట ముగించులోపల అతడే మన మాటను ముగించినాడు. డబ్బులిచ్చి ఇంటికి వచ్చి పొట్లము విప్పిన పిదపగాని పొరపాటు తెలియలేదు. ఇట్టి దుకాణదారు ఒకడు నేడు ప్రతి కంప్యూటరులోను, ప్రతి సెల్‌ఫోనులోను కూర్చుండియున్నాడు. అతడు చేయు పనికి స్వయంపూరణము అని పేరు పెట్టుకొందము. వాడుకలో దానినే ఆటోకంప్లీట్ అందురు.

ఇంటర్‌నెట్టులోని వెబ్‌సైట్లను చూచుటకు మనము వాడు సాధనము బ్రౌజరు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్, సఫారీ అనునవి అందరును ఎరిగిన బ్రౌజరులు. బ్రౌజరు పైభాగమున పొడుగైన గడి ఒకటి ఉండును. అదే చిరునామా పట్టీ. అందులో రెండు మూడు అక్షరములు టైపు చేయగానే తక్కిన చిరునామా తనంతట తాను వచ్చి చేరును. ఎంటర్ మీట నొక్కినచో బ్రౌజరు అచ్చటికే పోవును. కోరిన చిరునామా వచ్చినపుడు ఇది ఎంతో సుఖము. కోరనిది వచ్చినపుడు విసుగు. ఒక్కొక్కప్పుడు అది విసుగుతో పోక నష్టమునకు కూడ దారితీయును.

మూడు అక్షరముల కథ

ఒక ఉదాహరణమును చూతము. సూర్యాపేట జిల్లా కోదాడలో ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొందము. కోదాడ తెలంగాణ సరిహద్దున ఉన్న ఊరు. ఆయన మేనకోడలు విజయవాడలో పదవ తరగతి చదువుచున్నది. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ పిల్ల కొరకు ఆయన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల విభాగపు వెబ్‌సైటును పలుమార్లు చూచినాడు. ఏప్రిల్ చివర తన బడిపిల్లల ఫలితముల కొరకు తెలంగాణ ప్రభుత్వ పరీక్షల విభాగపు వెబ్‌సైటును తెరువవలసి వచ్చినది.

ఈ రెండు చిరునామాలును “బి ఎస్ ఇ” అను మూడు ఆంగ్లాక్షరములతో ప్రారంభమగును. తరువాత రెండింటను ఒక చుక్క. ఆ తరువాత ఒకదానిలో ఏ, పి అను అక్షరములు, రెండవదానిలో తెలంగాణ అను పేరు వచ్చును. తుదను రెండింటికిని “గవ్ డాట్ ఇన్” అనియే ఉండును. అనగా మొదటి నాలుగు గురుతులు సమానము; తేడా ఐదవ గురుతు వద్ద మొదలగును. మన ఉపాధ్యాయుడు మూడు అక్షరములు టైపు చేసి తొందరలో ఎంటర్ నొక్కినాడు. ఆంధ్రప్రదేశ్ పుట తెరచుకొన్నది. పిల్లల హాల్ టిక్కెట్ సంఖ్యలు వేసి చూచిన ఒక్కటియు సరిపడలేదు. పిల్లల గుండెలు జారిపోయినవి!

ఆ ఇంటిలోనే ఎవరైన షేర్ల ధరలు చూచువారున్నచో చిక్కు మరింత పెరుగును. బొంబాయి స్టాక్ ఎక్స్చేంజి చిరునామా కూడ “బి ఎస్ ఇ” అను అక్షరములతోనే ప్రారంభమగును. ఒకే మొదలు గల చిరునామాలు మూడున్నప్పుడు యంత్రము దేనిని ఎన్నుకొనును? ఏ కారణముచేత ఎన్నుకొనును? ఇది తెలిసినచో దానిని ఆపు విధానము సులభముగా బోధపడును.

పూరణము వేరు, సూచన వేరు

ముందుగా రెండు పనులను విడదీసి చూడవలెను. మనము టైపు చేయుచున్న పంక్తిలోనే తక్కిన అక్షరములు వచ్చి చేరుట ఒకటి. ఇది పంక్తిపూరణము. ఇట్లు చేరిన భాగము రంగు పూసినట్లు వేరుగా కనబడును. ఆ రంగు వ్యర్థముగా పూసినది కాదు. “ఇది మీరు వ్రాసినది కాదు, నేను చేర్చినది” అని యంత్రము చెప్పు మాట అది. చాలమంది దానిని గమనింపక ఎంటర్ నొక్కుదురు.

పట్టీకి దిగువ ఒక పట్టిక జారి, అందులో ఐదారు చిరునామాలో, శోధింపదగిన మాటలో కనబడుట రెండవది. ఇది సూచన. మనము బాణపు మీటతోనో, వ్రేలితోనో ఎన్నుకొననిదే సూచన మనలను ఎచ్చటికిని తీసికొనిపోదు. పూరణము అట్లు కాదు. మనము ఒప్పుకొనకున్నను, కాదనకున్నచాలును, అది నెగ్గును. అందుచేత ఎక్కువ చిక్కు తెచ్చునది పూరణమే.

అడిగిన పూరణము, అడుగని పూరణము

యంత్రము మన మాటను పూర్తిచేయుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1970 ప్రాంతమున అమెరికాలో టెనెక్స్ అను నిర్వహణ వ్యవస్థ వాడుకలోనికి వచ్చినది. అందులో ఒక ఆజ్ఞ యొక్క మొదటి అక్షరములు టైపు చేసి ఎస్కేప్ మీట నొక్కినచో తక్కినవి యంత్రమే పూర్తిచేసెడిది. తరువాతి కాలమున యూనిక్స్ యంత్రములలో వ్యాపించిన “టీసీషెల్” పేరులోని “టీ” అను అక్షరము ఈ టెనెక్స్ నుండి వచ్చినదే. నేటికిని లినక్స్ వాడువారు ఇదే పనికి ట్యాబ్ మీట నొక్కుదురు.

ఇందులో గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆ యంత్రములందు మనిషి అడిగిన పిమ్మటనే పూరణము వచ్చెడిది. మీట నొక్కుటయే అడుగుట. బ్రౌజరులలో ఈ క్రమము మారినది. అడుగకుండగనే పూరణము వచ్చును. వలదన్నచో మీట నొక్కి తొలగించుకొనవలెను. అడుగు భారము పోయి, వలదను భారము మనపై పడినది.

2004 డిసెంబరులో గూగుల్ శోధనయంత్రము మాట పూర్తికాకముందే సూచనలిచ్చు ఏర్పాటును ప్రయోగముగా విడుదల చేసినది. 2008 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3లో చిరునామా పట్టీ, చిరునామాలనే గాక పుటల శీర్షికలను కూడ వెదకి చూపు శక్తిని పొందినది. అదే సంవత్సరము సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ చిరునామా పట్టీని, శోధన గడిని కలిపి ఒక్కటి చేసినది. ఈ కలయిక పెద్ద సౌకర్యము. కాని అప్పటినుండి ఆ ఒక్క గడిలో మనము వ్రాయునది చిరునామాయో, శోధింపదలచిన మాటయో యంత్రము ఊహించుకొనవలసివచ్చినది. ఊహ ఉన్నచోట పొరపాటును ఉండును.

యంత్రము ఎట్లు ఎన్నుకొనును?

మనము చూచిన ప్రతి పుట పేరును బ్రౌజరు ఒక దినచర్య పుస్తకములో వ్రాసిపెట్టుకొనును. దీనికి చరిత్ర అని పేరు. ఏ పుటను ఎన్నిమారులు చూచితిమి, తుదిసారి ఎప్పుడు చూచితిమి అను రెండు సంగతులను ఈ పుస్తకము నుండి తెలిసికొనవచ్చును. ఎక్కువమారులు చూచినది ముఖ్యమా? ఇటీవల చూచినది ముఖ్యమా? ఈ రెండింటిని కలిపి ఒక్క సంఖ్యగా చేయు లెక్కను ఫైర్‌ఫాక్స్ నిర్మాతలు కల్పించినారు. ఆవృత్తి, నవ్యత అను అర్థములిచ్చు రెండు ఆంగ్లపదములను అతికించి దానికి “ఫ్రెసెన్సీ” అని పేరు పెట్టినారు.

ఫైర్‌ఫాక్స్‌లో చాలకాలము నడచిన లెక్క స్థూలముగా ఇట్టిది. ఒక పుటను తుదిగా చూచిన 10 మారులను తీసికొందురు. గత 4 దినములలో చూచిన ఒక్కొక్క దర్శనమునకు 100 మార్కులు. 14 దినములలోపుదైన 70. 31 దినములలోపుదైన 50. 90 దినములలోపుదైన 30. అంతకన్న పాతదైన 10. ఈ మార్కుల సగటును మొత్తము దర్శనముల సంఖ్యతో హెచ్చించుదురు. లంకె నొక్కి వెళ్ళిన దర్శనముకన్న చిరునామాను టైపు చేసి వెళ్ళిన దర్శనమునకు అనేక రెట్లు విలువ ఇత్తురు. ఇటీవలి కూర్పులలో ఈ లెక్కను సవరించుచున్నారు గాని మూలసూత్రము అదే. సులభముగా నుండుటకు టైపు చేసినదాని అదనపు విలువను విడిచి మన ఉపాధ్యాయుని లెక్కను వేసి చూతము.

ఆయన ఆంధ్రప్రదేశ్ వెబ్‌సైటును మొత్తము 40 మారులు చూచినాడు. తుది 10 దర్శనములును మార్చి నెలలోనివి. అనగా 31 దినములు దాటి, 90 దినములలోపల ఉన్నవి. వాని సగటు 30. కావున దాని బలము 30 × 40 = 1,200. తెలంగాణ వెబ్‌సైటును గత 4 దినములలో 6 మారులు చూచినాడు. దాని బలము 100 × 6 = 600. నేటి అవసరము రెండవదే ఐనను యంత్రపు త్రాసులో మొదటిదానికే బరువు రెట్టింపుగా ఉన్నది. అందుచేత మూడు అక్షరములు వ్రాయగానే పాత చిరునామా పరుగెత్తివచ్చినది. క్రొత్త వెబ్‌సైటు దీనిని దాటవలెనన్నచో ఈ నాలుగు దినములలోనే 13 మారులు చూడవలెను.

కొన్నాళ్ళు గడచినచో ఏమగును? పాత దర్శనములన్నియు 90 దినములు దాటగానే వాని సగటు 10కి పడిపోవును. అపుడు బలము 10 × 40 = 400 మాత్రమే. ఆనాటికి క్రొత్త వెబ్‌సైటును ఇటీవల 5 మారులు చూచియున్నచో 500 బలముతో అదే ముందుకు వచ్చును. పాత అలవాటు యంత్రమునకు కూడ ఒక్కదినములో వదలదు. కాని నెమ్మదిగా వదలును. విద్యార్థులు ఈ సంఖ్యలను మార్చి మార్చి లెక్కవేసి చూచినచో సగటు, భారము అను గణితభావములు రెండును చక్కగా మనసుకు పట్టును.

మూడు గాదెలు

సూచనలన్నియు ఒక్కచోటినుండి రావు. అవి మూడు గాదెలనుండి వచ్చునని భావింపవచ్చును.

మొదటి గాదె పైన చెప్పిన చరిత్ర. ఇది మన యంత్రములోనే ఉండును. రెండవ గాదె మనము కావలెనని గురుతుపెట్టుకొన్న పుటలు, అప్పుడు తెరచియున్న పుటలు. నక్షత్రపు గురుతు నొక్కి దాచుకొనువానిని బుక్‌మార్కులు అందురు. ఇవియు మన యంత్రములోనివే. మూడవ గాదె మన యంత్రములో లేదు. మనము టైపు చేయుచున్న అక్షరములను బ్రౌజరు ఎప్పటికప్పుడు శోధనయంత్రపు సర్వరునకు పంపును. ఇతరులు తరచుగా వెదకిన మాటలనుండి సర్వరు కొన్నింటిని ఏరి తిరిగి పంపును. మనము ఎంటర్ నొక్కకముందే, అనగా అడుగవలెనా మానవలెనా అని ఆలోచించుచుండగనే, సగము మాట ఊరు దాటిపోయినదన్నమాట.

ఒకే ఖాతాతో ఫోనును, కంప్యూటరును కలిపినచో మొదటి గాదె ఉమ్మడిది కావచ్చును. రాత్రి ఇంటివద్ద ఫోనులో చూచిన పుట పేరు మరునాడు బడిలోని పెద్దతెరమీద నలుగురి యెదుట ప్రత్యక్షమగుట ఈ ఉమ్మడి వలననే.

తప్పు చిరునామా స్థిరపడుట

ఇపుడు అసలు అపాయమునకు వత్తము. ఫలితముల దినమున వేలకొలది పిల్లలు ఒక్కసారిగా తొందరపడుదురు. ఒక పిల్లవాడు చిరునామాలో ఒక అక్షరము జారవిడిచినాడు. అచ్చటనే మోసగాడొకడు అసలుదానిని పోలిన పుట కట్టి కాచుకొనియున్నాడు. ఇట్టి మోసము క్రొత్తది కాదు. జనులు తరచు చేయు అక్షరదోషములను ముందే ఊహించి ఆ పేర్లను కొనిపెట్టుకొనువారు కలరు. పిల్లవాడు తప్పు తెలిసికొని వెనుకకు వచ్చినాడు. కాని బ్రౌజరు దినచర్యలో ఆ దర్శనము వ్రాయబడినది. రెండవసారి టైపు చేయునప్పుడు ఆ తప్పు చిరునామాయే పట్టికలో కనబడవచ్చును. “యంత్రము చూపుచున్నది గదా, సరియైనదే కావలెను” అని నమ్మి అతడు తన హాల్ టిక్కెట్ సంఖ్యను, పుట్టినతేదీని, ఫోను నంబరును అచ్చట వ్రాసినచో?

బ్రౌజరు లెక్కించునవి దర్శనములు, సత్యాసత్యములు కావు. దాని సూచన మన నిన్నటి నడక చూపు జాడ మాత్రమే. మనము దారి తప్పి నడచినచో జాడయు దారి తప్పియే ఉండును. ఈ ఒక్క విషయము విద్యార్థులకు నాటినచో ఈ పాఠము సార్థకమైనట్లే.

మన ప్రభుత్వ సంస్థల చిరునామాలకు ఒక గురుతు కలదు. “గవ్ డాట్ ఇన్” అను తోక ప్రభుత్వ సంస్థలకే కేటాయింపబడినది. ఇది చిరునామాలోని పేరుభాగమునకు తుదను ఉండవలెను. నడుమ ఉండి తరువాత వేరొక తోక ఉన్నచో అది లెక్కకు రాదు. తాళపుకప్ప బొమ్మను చూచి మోసపోరాదు. మన యంత్రమునకు, ఆ సర్వరునకు నడుమ పోవు వార్తను దారిలో ఇతరులు చదువలేరని మాత్రమే ఆ కప్ప చెప్పును. ఆవలనున్నవాడు మంచివాడని అది హామీ ఇయ్యదు.

ఆపు విధానము

వ్యాధినిబట్టి మందు. మొత్తము ఏర్పాటును ఆపివేయుటకు ముందు ఎంతవరకు ఆపవలెనో నిర్ణయించుకొనవలెను. చిన్నమందునుండి పెద్దమందునకు వరుసగా చెప్పుచున్నాము.

ఒకటి: ఆ ఒక్కసారికి వలదనుట. పంక్తిలో రంగుతో కనబడు భాగము వచ్చినప్పుడు బ్యాక్‌స్పేస్ గాని, డిలీట్ గాని ఒకసారి నొక్కిన అది తొలగిపోయి మనము వ్రాసిన అక్షరములే మిగులును. అప్పుడు ఎంటర్ నొక్కవలెను. ఫైర్‌ఫాక్స్‌లో శోధింపవలసిన మాటకు ముందు ప్రశ్నార్థకపు గురుతును, ఒక ఖాళీని వ్రాసినచో అది చిరునామా కాదు, శోధనయే అని బ్రౌజరునకు తెలియును.

రెండు: ఒక్క చిరునామాను మరపించుట. కొన్ని అక్షరములు వ్రాసి, పట్టిక జారిన పిదప క్రిందిబాణము మీటతో ఆ చిరునామాపైకి పోయి, షిఫ్ట్ మీటను పట్టుకొని డిలీట్ నొక్కవలెను. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండింటను ఇది పనిచేయును. మ్యాక్ యంత్రములందు వానితోబాటు ఎఫ్ఎన్ మీటను కూడ నొక్కవలెను. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ఆ సూచనను కొంతసేపు వ్రేలితో అదిమిపట్టినచో తొలగింపుమందువా అని అడుగును. ఇట్లు చేసినను ఆ చిరునామా మరల వచ్చుచున్నచో అది బుక్‌మార్కు కావచ్చును. బుక్‌మార్కును విడిగా తొలగింపవలెను. అక్షరదోషమువలన చేరిన చిరునామాకు ఈ రెండవమందే సరియైన మందు.

మూడు: ఒక వెబ్‌సైటును పూర్తిగా మరపించుట. చరిత్రపట్టిక తెరచి, ఆ వెబ్‌సైటు పేరుతో వెదకి, కనబడినవానిని తుడిచివేయవచ్చును. ఫైర్‌ఫాక్స్‌లో ఆ పేరుపై మౌసు కుడిమీట నొక్కినచో ఆ సైటునంతటిని మరచిపొమ్మను ఆజ్ఞ కలదు. కాని జాగ్రత్త: దానితో చరిత్రయే గాక ఆ సైటు మన యంత్రములో దాచిన ఇతర సమాచారమును పోవును.

నాలుగు: ఒక గాదెను మూసివేయుట. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో చిరునామా పట్టీకి సంబంధించిన భాగము కలదు. చరిత్ర, బుక్‌మార్కులు, తెరచియున్న ట్యాబులు, శోధన సూచనలు అను వాని యెదుట వేర్వేరు గడులుండును. వలదన్నదాని యెదుట టిక్కు తీసివేసిన చాలును. ఎడ్జ్‌లోను సర్వరునుండి వచ్చు సూచనలకు ఒక మీట, సొంత చరిత్రనుండి వచ్చు సూచనలకు ఒక మీట వేర్వేరుగా ఉన్నవి. సఫారీలో శోధన విభాగమున శోధనయంత్రపు సూచనలకు గడి కలదు. అచ్చటనే, మొదటి సూచనకు చెందిన పుటను మనము ఎంటర్ నొక్కకముందే తెరవెనుక తెచ్చిపెట్టు ఏర్పాటునకు కూడ ఒక గడి కలదు. అక్కరలేనివారు దానిని తీసివేయవచ్చును. క్రోమ్‌లో శోధన సూచనలను మెరుగుపరచుట అను మీటను ఆపిన సర్వరునకు అక్షరములు పోవుట తగ్గును. కాని సొంత చరిత్రనుండి వచ్చు పూరణము దానితో ఆగదు. దానికి చరిత్రను తుడుచుటయే మార్గము.

ఐదు: పంక్తిపూరణమును శాశ్వతముగా ఆపుట. ఫైర్‌ఫాక్స్‌లో దీనికొక లోపలి తలుపు కలదు. చిరునామా పట్టీలో “ఎబౌట్” అని వ్రాసి, రెండు చుక్కల గురుతు పెట్టి, ఖాళీ విడువక “కాన్ఫిగ్” అని ఆంగ్లమున వ్రాసి ఎంటర్ నొక్కవలెను. జాగ్రత్తగా ఉండుమని ఒక హెచ్చరిక వచ్చును. దానిని అంగీకరించి, వెదకు గడిలో బ్రౌజర్, యూఆర్ఎల్‌బార్, ఆటోఫిల్ అను మూడు మాటలను నడుమ చుక్కలతో కలిపి వ్రాయవలెను. ఆటోఫిల్ అను మాటలో ఎఫ్ ఒక్కటి పెద్దబడి అక్షరము, తక్కినవన్నియు చిన్నబడివి. దాని విలువ “ట్రూ” అని ఉండును. ప్రక్కనున్న మీట నొక్కిన “ఫాల్స్” అగును. ఇక పట్టీలో మనము వ్రాసిన అక్షరములే ఉండును. క్రింది పట్టికమాత్రము ఎప్పటివలెనే వచ్చును. ఈ తలుపువెనుక ఇంకను అనేకమైన మీటలున్నవి, తెలియనిదానిని ముట్టరాదు.

సెట్టింగుల పేర్లును, అవి ఉండు చోట్లును కూర్పు మారినపుడెల్ల కొంత మారుచుండును. పేరు కనబడకున్నచో బెంగపడక, “నాకు వచ్చుచున్నది పూరణమా, సూచనయా? ఏ గాదెనుండి వచ్చుచున్నది?” అని ప్రశ్నించుకొన్నచో తగిన మీటను ఎచ్చట వెదకవలెనో తోచును.

అంతయు ఆపుట మంచిదా?

విసుగెత్తి అన్నిటిని ఒక్కసారిగా ఆపువారు కలరు. కాని స్వయంపూరణమువలన మేలు కూడ కలదు. ఒకసారి సరిగా చేరిన చిరునామాను యంత్రము ప్రతిసారి తప్పులేకుండ వ్రాసిపెట్టును. దానిని ఆపినచో పొడుగైన చిరునామాను మనమే ప్రతిసారి వ్రాయవలెను. అక్షరము జారు అవకాశమును పెరుగును. కన్ను సరిగా కనబడనివారికి, చేయి వణకువారికి ఇది నిజమైన ఊత. కావున తప్పు చిరునామాలను మరపించి, సరియైనవానిని బుక్‌మార్కుగా నిలుపుకొనుట మధ్యేమార్గము. మన కోదాడ ఉపాధ్యాయుడు రెండు పరీక్షల విభాగములను వేర్వేరు పేర్లతో బుక్‌మార్కు చేసికొని, వానిపై నొక్కి వెళ్ళినచో మూడు అక్షరముల చిక్కే లేదు.

తరగతిగదిలో పెద్దతెరపై పాఠము చెప్పువారు మరొక జాగ్రత్త తీసికొనవలెను. రహస్యపు కిటికీ తెరచినచో అంతయు దాగునని పలువురు తలంతురు. ఆ కిటికీలో చూచినది చరిత్రలోనికి ఎక్కదనుట నిజమే. కాని అంతకుముందే వ్రాసియున్న చరిత్రనుండి ఆ కిటికీలో కూడ సూచనలు రావచ్చును. అది పుస్తకములో వ్రాయదుగాని, పుస్తకమును చదువగలదు. బోధనకు వేరొక ప్రొఫైలు ఏర్పరచుకొనుట గాని, క్రోమ్‌లోని అతిథి కిటికీని వాడుట గాని మేలు. వానికి మన పాత దినచర్య తెలియదు.

ఒక చిన్న ప్రయోగము

మూడు గాదెల సంగతిని విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. బడి కంప్యూటరులో చిరునామా పట్టీయందు ఏవైన రెండక్షరములు వ్రాసి, వచ్చిన సూచనలన్నిటిని కాగితముపై వరుసగా వ్రాసికొనుడు. తరువాత ఇంటర్‌నెట్టు తీగను ఊడదీసియో, వైఫైని ఆపియో, అవే అక్షరములను మరల వ్రాయుడు. ఇప్పుడును కనబడునవి మన యంత్రములోని గాదెలవి. మాయమైనవి దూరపు సర్వరునుండి వచ్చినవి. మిగిలినవానిలో నక్షత్రపు గురుతు గలవి బుక్‌మార్కులు. తక్కినవి చాలవరకు చరిత్రలోనివి. చివరకు వానిలో ఒకదానిని షిఫ్ట్, డిలీట్ మీటలతో తొలగించి, అది మరల వచ్చునో రాదో చూడుడు. పది నిమిషముల పని, ఖర్చు లేదు.

ఈ ప్రయోగము చేసిన పిల్లవానికి తెరమీద వచ్చిన మాట ఆకాశవాణి కాదని తెలియును. అది ఎచ్చటనుండి వచ్చినదో, ఏ లెక్కవలన వచ్చినదో అతడు అడుగనేర్చును. కిరాణా దుకాణదారు పొట్లము కట్టుచున్నపుడు “ఉండుమయ్యా, నేనింకను చెప్పలేదు” అనుటకు మనకు సంకోచము లేదు. యంత్రమునకును ఆ మాటయే చెప్పవలెను. ఎంటర్ నొక్కుటకు ముందు పట్టీని ఒక్కమారు తుదవరకు చదువుట అందరును చేయదగినది. దానికి ఏ సెట్టింగును మార్చనక్కరలేదు.